ఫోటో చూసి వేలంలో పాత నాణెం కొనడం ఎలా

నాలుగేళ్ల కిందట ఆన్‌లైన్ వేలంలో ఒక చార్మినార్ రూపాయి కొన్నాను. ఒక వైపు చార్మినార్ బొమ్మ ఉండే వెండి నాణెం, చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాటిది. ఫోటోలో పెళ్లికని తోమిపెట్టిన వెండి గిన్నెలా మెరిసిపోతోంది. కింద 'ఎక్స్‌ట్రా ఫైన్' అని, అంటే చాలా తక్కువ అరిగిందని రాశారు. చివరి నిమిషంలో ఇంకెవరో పోటీకి వచ్చేసరికి నాకు పంతం వచ్చింది. అనుకున్న దానికి దాదాపు రెట్టింపు దాకా పాట పెంచి గెలిచాను. కొరియర్ వచ్చాక దాన్ని తీసుకెళ్లి, చార్మినార్ దగ్గర పాత నాణేలు అమ్మే ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన బల్బు కింద ఒకసారి అటూ ఇటూ తిప్పి, అంచు మీద గోటితో రాసి చూశారు.

"దీనికి కొక్కెం ఉండేది బేటా. ఎవరో మెడలో వేసుకున్నారు. కొక్కెం పీకేసి, టంకం అరగదీసి, తోమి అమ్మారు."

"ఫోటోలో కనపడలేదు చాచా."

"కనపడే ఉంటది. నువ్వు చూసి ఉండవు."

ఇంటికొచ్చి ఆ ఫోటో మళ్లీ తెరిచాను. గడియారంలో పన్నెండు ఉండే చోట అంచు కాస్త మందంగా, కరిగి గడ్డకట్టినట్టు ఉంది. మిగతా చుట్టంతా సన్నగా, పదునుగా ఉంది. సరిగ్గా అక్కడే నీడ పడింది కానీ, ఆ నీడలో కూడా తెలుస్తూనే ఉంది. నేను ఆ ఫోటోని ఇరవైసార్లు చూసి ఉంటాను. ఇరవైసార్లూ చార్మినార్‌నే చూశాను, అంచు వైపు కన్ను పోలేదు.

ఆ తర్వాత నేను పెట్టుకున్న పద్ధతి ఇది. మీరూ ఈ వరుసలోనే చేయండి.

ముందు మీ నాణేనికి మీరే ఫోటో తీయండి

పాటకు దిగే ముందు ఒక సాయంత్రం దీనికి కేటాయించండి. ఇంట్లో బీరువా అడుగునో, లక్ష్మీదేవి పటం ముందో ఒక పాత వెండి రూపాయి ఉంటే మంచిది. లేకపోతే జేబులోని పది రూపాయల నాణెమైనా సరిపోతుంది. నల్లటి గుడ్డ మీద పెట్టి, ఫోన్ ఫ్లాష్ వేసి సరిగ్గా పైనుంచి ఒక ఫోటో తీయండి. తర్వాత ఫ్లాష్ ఆపేసి, టేబుల్ ల్యాంప్‌ని ఒక పక్క నుంచి బాగా కిందికి వంచి ఇంకోటి. ల్యాంప్ కదపకుండా నాణేన్ని మాత్రం పావు వంతు తిప్పి మూడోది. నాలుగోది పగటిపూట కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట.

నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తే అన్నీ ఒకే నాణెమంటే నమ్మబుద్ధి కాదు. ఫ్లాష్ ఫోటోలో అరుగుదల, గీతలు ఎక్కడివక్కడ మాయమైపోతాయి. వంచిన ల్యాంప్ కింద చిన్న గీత కూడా గోతిలా కనిపిస్తుంది. అసలు విషయం మూడో ఫోటోలో ఉంది. నాణెం పావు వంతు తిరగగానే రెండో ఫోటోలో కనిపించిన గీతల్లో కొన్ని పోతాయి, కొత్తవి బయటపడతాయి. ఎందుకంటే వెలుతురుకు అడ్డంగా ఉన్న గీత నీడ పరుస్తుంది కాబట్టి కనిపిస్తుంది. వెలుతురు వచ్చే దిక్కులోనే సాగే గీతకు నీడ ఉండదు, కనిపించదు. అంటే బొమ్మకి ఒకటి, బొరుసుకి ఒకటి ఫోటో ఇచ్చి ఊరుకున్న అమ్మకందారు మీకు సగం గీతలే చూపించాడన్నమాట. మోసం చేయాలనే అక్కర్లేదు, మామూలుగా తీసినా జరిగేది అదే.

అందుకే ఏ ఫోటో తెరిచినా ముందు వెలుతురు ఎటునుంచి వస్తోందో కనిపెట్టండి. అక్షరాల నీడ ఏ పక్కకు పడుతోందో చూస్తే తెలిసిపోతుంది. నీడే లేకపోతే అది ఫ్లాష్ ఫోటోనో స్కానర్ ఫోటోనో అయి ఉంటుంది. దాన్ని చూసి నాణెం ఏ రకమో చెప్పొచ్చు కానీ, ఎంత బాగుందో చెప్పలేం.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. సైఫాబాద్‌లోని పాత టంకశాల 1903లో మొదలైంది. నాణేల తయారీ 1997లో చర్లపల్లికి మారింది. పాత భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో నాణేల గ్యాలరీ ఎలాగూ ఉంది. అద్దం అవతల ఉన్నా సరే, ఒక్క నాణెం ముందు నిలబడి తల అటూ ఇటూ కదిపి చూడండి. వెలుతురు దాని మీద ఎలా పాకుతుందో ఒకసారి కంటికి అలవాటైతే, ఫోటోలో ఏది సహజమో ఏది కాదో తేలిగ్గా తెలుస్తుంది.

ఏమేం అడగాలి

రెండు వైపులా సరిగ్గా పైనుంచి తీసిన ఫోటోలు, అంచు ఫోటో, రెండు దశాంశాలు చూపించే త్రాసు మీద నాణెం, ఒకే బల్బు కింద నెమ్మదిగా వంచుతూ తీసిన పది సెకన్ల వీడియో. ఇంతే. "అన్నా, లైట్ కదపకుండా నాణేన్ని మాత్రం తిప్పుతూ చిన్న వీడియో పెట్టండి" అని మర్యాదగా అడిగితే మంచి అమ్మకందారులు కాదనరు. పెద్ద వేలం సంస్థలైతే వేలానికి ముందు నాణేలను నేరుగా చూసే రోజులు కూడా పెడతాయి. ఫోటోలు అడిగినందుకే విసుక్కునేవాళ్ల దగ్గర కొనొద్దు. నేను కొనను.

బరువు గురించి ఒక మాట. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి 11.66 గ్రాములు, అంటే సరిగ్గా పాత తులం. ఇప్పుడు నగల షాపులో తులం అంటే పది గ్రాములు లెక్కగడుతున్నారు కాబట్టి ఈ రెండూ కలిపేసుకోకండి. అందులో వెండి 91.7 శాతం. 1940 నుంచి 1945 దాకా అచ్చయిన ఆరో జార్జి రూపాయిల్లో వెండి సగమే, బరువు మాత్రం అంతే. నిజాం చార్మినార్ రూపాయి దాదాపు 11.18 గ్రాములు, చాలా వాటిలో వెండి 81.8 శాతం. బాగా తిరిగిన నాణెం కాస్త తగ్గడం మామూలే. కానీ కొత్తదానిలా కనిపిస్తూ అర గ్రాము తక్కువ తూగితే వదిలేయండి.

అంచు నుంచి లోపలికి చూడండి

మన కన్ను ముందు రాజు ముఖం మీదికే పోతుంది. దాన్ని బలవంతంగా ఆపాలి. నేను ఫోటోని పెద్దది చేసి, పన్నెండు దగ్గర మొదలుపెట్టి గడియారం ముల్లులా అంచు వెంట ఒక చుట్టు తిరుగుతాను. మన దగ్గర వెండి రూపాయిలు మెడలో దండగా, మొలతాడుకి, పిల్లల దిష్టికి ఎంతగా వాడారో తెలిసిందేగా. కొక్కెం ఉన్న చోట అంచు మందంగానో, సాపుగానో, రంగు తేడాగానో ఉంటుంది. సాధారణంగా రాజు తల పైన, లేదంటే సరిగ్గా దానికి ఎదురుగా. బొమ్మ వైపు అనుమానం వస్తే బొరుసు వైపు కూడా అదే చోట చూడండి. రంధ్రం పూడ్చినదైతే రెండు వైపులా ఒకే చోట అక్షరాలు చప్పగా, చుట్టుపక్కల లోహం కాస్త వేరే రంగులో ఉంటాయి.

తర్వాత బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ. తోమిన నాణెం దొరికిపోయేది ఇక్కడే.

మన ఇళ్లలో పాత వెండి నాణేలకు జరిగిన అన్యాయం అంతా ఇంతా కాదు. పండగ వచ్చిందంటే చింతపండు, విభూతి, ఈమధ్య టూత్‌పేస్ట్. మా అమ్మమ్మ ధనత్రయోదశికి డబ్బాలో రూపాయిలన్నీ బయటికి తీసి, కొబ్బరి పీచుతో తోమి, వాటికి బొట్లు పెట్టేది. పూజకు అది బాగానే ఉంటుంది. నాణేనికి మాత్రం అచ్చు పడినప్పుడు వచ్చిన పైపొర ప్రతి దీపావళికీ కొంచెం పోతుంది, మళ్లీ రాదు. అలా తోమినదాన్ని ఫోటోలో పట్టుకోవాలంటే మూడు చూడండి. ఖాళీ భాగంలో సన్నటి గీతలు ఒకే దిక్కుకు సాగుతున్నాయా? జేబుల్లో, గల్లాపెట్టెల్లో తిరిగిన నాణెం మీద గీతలు ఎటు పడితే అటు ఉంటాయి, తోమిన గీతలు మాత్రం గుంపుగా ఒకే వైపు పోతాయి. అక్షరాల సందుల్లో నల్లటి మురికో తెల్లటి పొడో ఉండి, ఆ పక్కనే తళతళలాడుతోందా? అరిగిన ముఖం మీద కొత్త నాణెం మెరుపుందా? ఈ మూడోది పెద్ద గుర్తు. వందేళ్ల కిందటి రూపాయి, రాజు చెవి, మీసం అరిగిపోయి ఉంది, కానీ ఇస్త్రీ చేసిన చొక్కాలా తెల్లగా ఉందంటే మధ్యలో ఎవరిదో చెయ్యి పడింది.

దీనికి వీడియో ఎందుకు కావాలంటే, కొత్త నాణేనికి ఉండే లస్టర్, అంటే అచ్చు పడినప్పటి సహజ మెరుపు, కదిలేది. నాణేన్ని వంచితే వెలుతురు చారలు సైకిల్ చక్రం స్పోకుల్లా దాని మీద తిరుగుతాయి. తోమిన మెరుపు కదలదు. అంతా ఒకేసారి వెలుగుతుంది, ఒకేసారి ఆరిపోతుంది. స్టీల్ గ్లాసు మెరుపుకీ పట్టుచీర మెరుపుకీ ఉన్న తేడా అనుకోండి.

సందుల్లో ఎర్రగా కుంకుమ, పచ్చగా పసుపు ఉన్నాయని భయపడకండి. అవి చూస్తే నాకు ధైర్యంగానే ఉంటుంది, ఈమధ్య ఎవరూ గట్టిగా తోమలేదని. నీలం, ఊదా, గులాబీ రంగులు నెమలి ఈకలా మెరుస్తుంటే మాత్రం అనుమానించండి. ఉడికించిన కోడిగుడ్డుతో పాటు డబ్బాలో పెట్టి మూసినా వెండికి రంగు వస్తుంది.

ఇవన్నీ అయ్యాకే ముఖం. నాణెం మీద ఎత్తుగా ఉన్న చోటు ముందు అరుగుతుంది. విక్టోరియాకి చెంప, చెవి పైన జుట్టు, రవికె మీది అల్లిక. ఏడో ఎడ్వర్డ్‌కి కిరీటం లేదు కాబట్టి చెవి, జుట్టు. ఐదో జార్జికి కిరీటం, మీసం, అంగీ మీద ఏనుగు బొమ్మ. అక్కడ వివరం లేదంటే అరిగిందని కాదు, అచ్చు సరిగా పడక కూడా పోతుంది. తేడా ఎలా తెలుస్తుందంటే, అచ్చు పడని చోట లోహం గరుకుగా, చుట్టుపక్కలంత మెరుపుతోనే ఉంటుంది. అరిగిన చోట నున్నగా, మసకగా ఉంటుంది. ఈ తేడా పట్టుకోగలిగితే, అందరూ 'అరిగింది' అని వదిలేసిన మంచి నాణెం మీకు తక్కువకే దొరుకుతుంది.

మొగలుల కాలంవి, నిజాముల పాత సిక్కా రూపాయిల మీద చిన్న చిన్న ముద్ర గుంటలు కనిపిస్తే అవి షరాబులు, అంటే ఆనాటి డబ్బు వ్యాపారులు, వెండి నిజమో కాదో చూడటానికి కొట్టిన గుర్తులు. వాటివల్ల ధర తగ్గుతుంది. నాకైతే అవంటే ఇష్టం.

నకిలీని పట్టుకోవడం

పోతపోసిన నకిలీ మీద ఖాళీ భాగంలో సూదిమొనంత గుంటలో, చిన్న మొటిమలో ఉంటాయి. అక్షరాల అంచులు సబ్బు బిళ్ల మీది అక్షరాల్లా గుండ్రంగా ఉంటాయి. అంచు చుట్టూ మధ్యలో సన్నటి అతుకు గీత కనిపిస్తే ఇక చూడక్కర్లేదు.

అంతకంటే బాగా పనిచేసేది కవలల పరీక్ష. నాణెం మీద ఏదైనా ఒక ప్రత్యేకమైన దెబ్బ చూసుకోండి. రాజు మెడ దగ్గర వంకర గీతో, అక్షరం పక్కన గుంటో. తర్వాత అదే రకం నాణేలు పాత వేలాల్లో అమ్ముడైన ఫోటోలు వెతికి చూడండి. అదే దెబ్బ, అదే చోట, రెండు వేర్వేరు నాణేల మీద ఉంటే రెండూ ఒకే మూసలోంచి వచ్చినవి. ఒక్క అసలు నాణెం నుంచి మూస తీస్తే, దాని మీది దెబ్బలు కూడా పిల్లలన్నిటికీ వస్తాయి మరి. అదే ఫోటోని ఫోన్‌లో గూగుల్ లెన్స్‌లో వేసి కూడా చూడండి. వేరే ఊళ్లో, వేరే పేరుతో, వేరే ధరకు కనిపిస్తే నాణెం అతని చేతిలో లేనే లేదేమో.

కొన్ని సంవత్సరాలకు అంకె మార్చే పని జరుగుతుంది. బొంబాయి టంకశాల 1939 రూపాయి అరుదు. అందుకని 1938 నాణెం మీద 8ని చెక్కి 9 చేస్తారు. ఆఖరి అంకెను వీలైనంత పెద్దది చేసి చూడండి. దాని చుట్టూ లోహం గీకినట్టుందా, ఆ అంకె మిగతా మూడింటి కంటే సన్నగా, లోతుగా ఉందా? అక్కడ ఫోటో మసకగా ఉంటే అమ్మకందారుని ఆ అంకె ఒక్కటే దగ్గరగా తీసి పంపమనండి. 1862 రూపాయి ఇంకో రకం చిక్కు. ఆ సంవత్సరమే అంకెగా వేసి 1874 దాకా అచ్చువేశారు. బొరుసు మీది చిన్న చుక్కల లెక్కను బట్టి రకం, రకాన్ని బట్టి ధర మారతాయి. చుక్కలు లెక్కపెట్టలేని ఫోటోకు అరుదైన రకం ధర పెట్టకండి. 1911 ఐదో జార్జి రూపాయిది తమాషా కథ. అంగీ మీది ఏనుగు పందిలా ఉందని గొడవై, చలామణీ నుంచి వెనక్కి తీసుకున్నారు, 1912లో ఏనుగును మార్చారు. 1911 రూపాయి కొంటే ఆ బొమ్మ స్పష్టంగా కనిపించే ఫోటో లేకుండా పాడొద్దు.

మన చార్మినార్ రూపాయికి వస్తే, ఇంట్లో కూర్చునే చేయగలిగిన పరీక్ష ఒకటుంది. చార్మినార్ మధ్య కమానులో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలానిదైతే మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్‌దైతే ఐన్. మహబూబ్ పోయింది 1911లో, అంటే ముస్లిం క్యాలెండర్ అయిన హిజ్రీ లెక్కలో 1329. నాణెం మీద ఉండేది హిజ్రీ సంవత్సరమే. ఉర్దూ అంకెల్లో రెండుకీ మూడుకీ తేడా ఒక పన్ను మాత్రమే కాబట్టి, అరిగిన నాణెం మీద 1331ని 1321 అని చదివేసి, ఎక్కువ పాతదని చెప్పి అమ్మేవాళ్లున్నారు. 1321 అంటూ కమానులో ఐన్ ఉంటే ఆ లెక్క కుదరదు. చదవడం రాకపోతే పాతబస్తీ స్నేహితుడికి ఎవరికైనా వాట్సాప్‌లో పంపండి, అరనిమిషంలో చెప్పేస్తారు.

ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసి గ్రేడు వేసిన నాణెమైతే, ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి సంస్థల సైట్లో డబ్బా మీది నంబరు కొట్టి చూడండి. నంబరు సరిపోతే చాలదు, డబ్బాలకూ నకిలీలున్నాయి. సైట్లో ఆ నాణెం ఫోటో ఉంటే దెబ్బలు, మచ్చలు పోల్చుకోండి. లేబుల్ మీద అంకెకు బదులు 'డీటెయిల్స్' అని ఉంటే తోమిందనో, కొక్కెం తీసిందనో, ఇంకేదో దెబ్బ ఉందనో అర్థం. మీ నాణేలను గ్రేడింగ్‌కి విదేశాలకు పంపుదామనుకుంటే మాత్రం ఆగండి. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. అనుమతి లేకుండా దేశం దాటించకూడదు.

పాట రోజు

కాగితం మీద మీ గరిష్ఠ ధర రాసుకోండి. అది సుత్తి ధర, అంటే పాట ముగిసిన ధర, కాదు, మీ జేబులోంచి పోయే మొత్తం. ఉదాహరణకు వేలం సంస్థ మీ దగ్గర తీసుకునే కమిషన్ 20 శాతం అనుకుంటే, పది వేల దగ్గర పాట ముగిసినా అక్కడికే పన్నెండు వేలు, ఆపైన జీఎస్టీ, కొరియర్. అందుకని పన్నెండు వేలే మీ హద్దయితే పాట పది వేలకు ముందే ఆపాలి. ఫోటోలో తేల్చుకోలేని ప్రతి సందేహానికీ ధర తగ్గించుకోండి. అంచు ఫోటో ఇవ్వలేదా, అంచు పాడైందనుకునే లెక్కవేయండి. ఆఖరి నిమిషం టెన్షన్‌కి నా దగ్గర మందు లేదు. నేనైతే నా హద్దు పెట్టేసి, ఫోన్ చార్జింగ్‌లో పెట్టి బయటికెళ్లి చాయ్ తాగి వస్తున్నాను.

ఇంకోటి, నాణెం మీరు కొంటున్నా అమ్ముతున్నా, రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పి ముందు ఫీజు కట్టమని ఎవరైనా అడిగితే ఫోన్ పెట్టేయండి. పాత నోట్లు, నాణేల లావాదేవీలకు తాము ఎవరికీ అలాంటి అధికారం ఇవ్వలేదని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో చెప్పింది.

పార్సిల్ వచ్చాక

కవరు చింపక ముందే ఫోన్ వీడియో ఆన్ చేయండి. నాణేన్ని అంచుల్లో పట్టుకుని తీసి, బరువు చూసి, వేలం ఫోటోని పక్కన తెరిచి పెట్టుకోండి. ల్యాంప్‌ని అటూ ఇటూ జరిపి, ఆ ఫోటోలోని నీడలే మీ టేబుల్ మీద వచ్చేదాకా ప్రయత్నించండి. అవి కుదిరాక నాణేన్ని పావు వంతు తిప్పండి. వాళ్లు చూపించని సగం అప్పుడు కనిపిస్తుంది.

తిప్పి పంపే గడువు ఎన్ని రోజులో కొనకముందే నిబంధనల్లో చదువుకుని ఉండాలి. నకిలీ అని తేలితే తీసుకునే చోట కూడా, తోమిందంటే చాలామంది ఒప్పుకోరు. నా చార్మినార్ రూపాయి సంగతి నేను మెయిల్ రాసి అడిగాను. అమ్మినవాళ్లు వాళ్ల ఫోటోనే మళ్లీ జత చేసి, పన్నెండు దగ్గర ఎర్రటి సున్నా చుట్టి, ఒక్క లైను రాశారు: "ఫోటో చూసే పాడారు కదా సార్."